చింతపండా, నిమ్మ ఉప్పా, ఉప్పు కాగితమా: తుప్పు పట్టిన ఇనుప పెనానికి ఏది వాడాలి?

వేసవిలో ఊరెళ్ళి నెలన్నర తర్వాత కాకినాడ తిరిగొచ్చాం. సింకు కింది అరలోంచి దోసె పెనం తీస్తే, నల్లగా నిగనిగలాడాల్సిన పెనం మీద ఎర్రమట్టి చల్లినట్టు ఉంది. వేలితో రాస్తే పొడి అంటుకుంది. మా అమ్మ ఇరవై ఏళ్ళు దోసెలు పోసిన పెనం అది. ఆ టెన్షన్‌లో ఎవరో చెప్పిన మాట పట్టుకుని, టబ్బులో వెనిగర్ పోసి, పెనం అందులో ముంచి పడుకున్నాను. తెల్లారి తీసేసరికి తుప్పు పోయింది. దాంతో పాటు ఇరవై ఏళ్ళ నల్ల పొర కూడా పోయింది. బూడిద రంగు ఇనుము బయటపడి, మధ్యలో సూదితో పొడిచినట్టు సన్నటి గుంటలు కనబడ్డాయి. ఆ గుంటలు ఇప్పటికీ ఉన్నాయి.

అదే అరలో పక్కనే ఉన్న ఇనుప మూకుడుకీ అంతే తుప్పు పట్టింది. దాన్ని అమ్మ నూనె గుడ్డతో పది నిమిషాలు రుద్దింది. ఎర్రపొడి గుడ్డకి వచ్చేసింది, కింద నల్ల పొర చెక్కుచెదరకుండా ఉంది. ఒకే అర, ఒకే తేమ, ఒకే నెలన్నర. పెనానికి కూడా నూనె గుడ్డే సరిపోయేదని అప్పుడు అర్థమైంది.

తుప్పు వదిలించే పద్ధతులకు కొదవ లేదు, దాదాపు అన్నీ పని చేస్తాయి కూడా. కానీ తుప్పుతో పాటు ఇంకేం ఊడదీస్తాయన్న దగ్గరే వాటి మధ్య తేడా. మీ పెనానికి ఏది సరిపోతుందో తేల్చుకోవాలంటే పైన తుప్పు ఎంత ఎర్రగా ఉందో చూస్తే చాలదు, దాని కింద ఏం మిగిలిందో చూడాలి.

ముందు గుడ్డ పరీక్ష

పొడి పెనం మీద అర చెంచా నూనె వేసి, తెల్లటి పాత బనీను గుడ్డతో నాలుగైదు నిమిషాలు గట్టిగా రుద్దండి. గుడ్డ ఎర్రబడి, పెనం మీద నల్లదనం కనబడితే తుప్పు పైపైనే ఉన్నట్టు. అక్కడక్కడా రూపాయి బిళ్ళంత మేర బూడిద రంగు ఇనుము బయటపడితే, పొర కొన్నిచోట్ల మాత్రమే పోయినట్టు. ఎంత రుద్దినా ఎరుపు తగ్గకుండా, గోరుతో గీరితే పెచ్చులు లేస్తుంటే తుప్పు లోతుకి దిగింది. ఈ మూడింటికీ మూడు దారులు.

ఆ నల్ల పొర గురించి ఒక మాట. దాన్ని సీజనింగ్ అంటున్నాం, మా ఇంట్లో పదును చేయడం అంటారు. చాలామంది అది నూనె జిడ్డు అనుకుంటారు. పల్చటి నూనె పొర బాగా వేడెక్కినప్పుడు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, అణువులు ఒకదానితో ఒకటి గొలుసులా అల్లుకుని, ఎండిన వార్నిష్ లాంటి గట్టి పొరగా మారుతుంది. ఇనుముకి, నీళ్ళకి మధ్య అడ్డంగా ఉండేది అదే. ఆ పొరలో ఎక్కడ సందు దొరికితే అక్కడ నీరూ గాలీ కలిసి ఇనుముని తుప్పుగా మారుస్తాయి. ఉప్పు తోడైతే ఆ పని ఇంకా త్వరగా జరుగుతుంది. సముద్రం పక్క ఊళ్ళలో గిన్నెల అర మూసి పెట్టినా పెనాలు ఎర్రబడేది అందుకే. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పెచ్చులు పెచ్చులుగా లేచి, లోపలి ఇనుముని మళ్ళీ బయటపెడుతుంది. అలా ఒకసారి మొదలైతే తనంతట తాను ఆగదు.

పైపై తుప్పు: నూనె, ఉప్పు, పీచు

నల్లదనం మిగిలి ఉంటే పులుపు జోలికి పోవద్దు. నూనె గుడ్డతో వదలని చోట రెండు చెంచాల రాళ్ళ ఉప్పు, కొంచెం నూనె వేసి కొబ్బరి పీచుతో రుద్దండి. ఉప్పు రాళ్ళు తుప్పుని గీకుతాయి కానీ గట్టి పొరని అంతగా గీయవు. తర్వాత ఉప్పు ఆనవాలు లేకుండా కడగడం మాత్రం తప్పనిసరి. మిగిలిన ఉప్పే గాలిలో తేమని లాక్కుని మళ్ళీ తుప్పు తెస్తుంది.

బంగాళాదుంపని సగానికి కోసి ఉప్పు అద్ది రుద్దే చిట్కా ఒకటి బాగా తిరుగుతోంది. దుంపలో కొద్దిగా ఆక్సాలిక్ ఆమ్లం ఉన్న మాట నిజమే కానీ, అక్కడ పని చేసేది ఎక్కువగా ఉప్పూ, మీ చేతి బలమూ. ఆ దుంప కూరకి వాడుకుని, స్టీలు పీచు మీద రెండు చుక్కలు గిన్నెలు తోమే సబ్బు వేసుకుంటే అంతకంటే బాగా వదులుతుంది. సబ్బు తగిలితే సీజనింగ్ పోతుందన్న భయం అక్కర్లేదు. కాస్టిక్ సోడా ఎక్కువగా ఉండే పాతకాలపు సబ్బులకి ఆ భయం సరైనదే. ఇప్పటి లిక్విడ్లు జిడ్డుని తీస్తాయి, గట్టిపడిన పొరని కదపలేవు.

పొర పోయిన చోట: ఏ పులుపు?

ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. చింతపండు, నిమ్మకాయ, నిమ్మ ఉప్పు, వెనిగర్, పులిసిన గంజి అన్నీ ఆమ్లాలే. అన్నీ తుప్పుని కరిగిస్తాయి. ఏ పులుపూ తుప్పు దగ్గర ఆగిపోదు, తుప్పు అయిపోగానే మంచి ఇనుముని కూడా తినడం మొదలుపెడుతుంది. అంచుల్లోంచి దూరి నల్ల పొరని లేపేస్తుంది. కాబట్టి ఏది బలమైనది అని కాకుండా, ఏది మన చేతిలో ఉంటుంది, ఎక్కడికి కావాలంటే అక్కడే నిలుస్తుంది అని చూసుకోవాలి.

ఆ లెక్కన చింతపండుకి నేను పెద్దపీట వేస్తాను. అందులో ఉండేది టార్టారిక్ ఆమ్లం. దాని బలం కంటే దాని జిగురు మనకి ఎక్కువ లాభం. వెనిగర్ పోస్తే కిందికి జారిపోతుంది. చింతపండు గుజ్జు పెట్టిన చోటే ఉంటుంది. మూకుడు పక్కల మీద, పెనం అంచు మీద, పిడి రివెట్ల చుట్టూ ఉన్న తుప్పుకి ఇంతకంటే అనువైనది నాకు దొరకలేదు. కొత్త చింతపండు కూడా అక్కర్లేదు. చారుకి రసం పిండేసిన పిప్పిని రెండు మూడు రోజులు ఫ్రిజ్‌లో దాచి, కాస్త ఉప్పు కలిపి తుప్పు ఉన్న చోట మందంగా పట్టించండి. ఇరవై నిమిషాలకి ఆ గుజ్జు నల్లగా మారుతుంది. ఇనుప మూకుట్లో పులుసు కాస్తే నల్లబడేది ఇలాగే, ఇనుము అందులోకి దిగిందని దానర్థం. కొబ్బరి పీచుతో రుద్ది కడిగి, ఇంకా ఎరుపుంటే మళ్ళీ పెట్టండి. ఇత్తడి బిందెలు తోమిన చేతులకి ఇది కొత్త పనేమీ కాదు.

పెనం మొత్తం ఎర్రబడితే చింతపండుతో ఓపిక చాలదు. అప్పుడు నిమ్మ ఉప్పు. కిరాణా కొట్లో పంచదార పలుకుల్లా దొరికేది, సిట్రిక్ ఆమ్లమే. లీటరు గోరువెచ్చని నీళ్ళకి రెండు మూడు చెంచాలు కలిపితే చాలు. వాసన ఉండదు, ఖర్చు తక్కువ, కావలసినంతే కలుపుకోవచ్చు. పైగా సిట్రిక్ ఆమ్లం కరిగిన ఇనుముని గట్టిగా పట్టుకుని నీళ్ళలో నిలుపుతుంది కాబట్టి తుప్పు బాగా వదులుతుంది. పదిహేను నిమిషాలకోసారి తీసి పీచుతో రుద్ది చూడండి. చాలావరకు గంటలోపే పని అయిపోతుంది.

వెనిగర్ కూడా మంచిదే, నేను వాడిన తీరే తప్పు. బజారులో దొరికే తెల్ల వెనిగర్‌లో ఎసిటిక్ ఆమ్లం 4 నుంచి 5 శాతం దాకా ఉంటుంది. దానికి సమానంగా నీళ్ళు కలిపి, అరగంటకోసారి తీసి చూస్తూ, తుప్పు వదలగానే ఆపేయాలి. గిలక్కొడితే బుడగలు ఆగకుండా వస్తున్నాయంటే ఇనుమునే తింటోందన్నమాట. రాత్రంతా నానబెట్టడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. దీని ఇబ్బంది ఇంకోటి ఉంది. దోసె పెనం మునగాలంటే వెడల్పాటి టబ్బు కావాలి, దాన్ని నింపడానికి నాలుగైదు సీసాలు పడతాయి. పెనం సగం మునిగి సగం బయట ఉంటే, నీటి గీత ఉన్న చోట గాలీ ఆమ్లమూ కలిసి ఒక వరుసగా కొరికేస్తాయి. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి పెద్ద డబ్బా వెనిగర్ చవకగా దొరికే వాళ్ళకి ఇదే సులువు కావచ్చు. ఇక్కడి వాళ్ళకి నిమ్మ ఉప్పే మేలని నా అభిప్రాయం.

నిమ్మకాయ రెండు మూడు మచ్చలకైతే సరే. మొత్తం పెనానికి డజను కాయలు పిండడం దండగ.

పులిసిన గంజి, బియ్యం కడిగిన నీళ్ళ సంగతి వేరు. కొత్త ఇనుప పెనం తెచ్చినప్పుడు రెండు మూడు రోజులు అందులో నానబెట్టడం మన పెద్దవాళ్ళ పద్ధతి, కొత్త సామానుకి దాన్ని నేను కాదనను. అందులో ఉండే లాక్టిక్ ఆమ్లం చాలా పల్చన. పట్టిన తుప్పుని వదిలించే సత్తా దానికి తక్కువ. రోజుల తరబడి నీళ్ళలో ఉండటం వల్ల ఒకవైపు వదులుతుంటే ఇంకోవైపు పడుతుంది. తుప్పు పట్టిన పెనానికి దీన్ని వాడొద్దు.

ఏ పులుపు వాడినా తర్వాతి పది నిమిషాలు ముఖ్యం. లీటరు నీళ్ళలో చెంచా తినే సోడా కలిపి పెనాన్ని ఒకసారి ముంచి తీస్తే మిగిలిన ఆమ్లం విరిగిపోతుంది. మంచినీళ్ళతో కడిగి, గుడ్డతో తుడిచి, వెంటనే పొయ్యి మీద పెట్టాలి. ఒకసారి ఫోను వచ్చిందని పెనాన్ని గట్టు మీద వదిలి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి అంచు దగ్గర నీటి చుక్క ఆరిన చోట వంకాయ గింజంత నారింజ మచ్చ, దాని చుట్టూ పల్చటి వలయం. చేసిన పనంతా మళ్ళీ మొదటికి రాకూడదంటే పొయ్యి, నూనె, గుడ్డ ముందే సిద్ధంగా పెట్టుకుని కడగడం మొదలుపెట్టండి.

లోతు తుప్పు: ఉప్పు కాగితమా, గ్రైండరా?

పెచ్చులు లేచే తుప్పుకి ముందు గీకుడే. పులుపు లోపలికి దిగాలన్నా పైన పెచ్చులు పోవాలి. ఇక్కడ మీ పెనం ఏ రకమో చూసుకోవాలి. రేకుని కొట్టి చేసిన పెనం నున్నగా, పల్చగా ఉంటుంది. పోత ఇనుముది మందంగా, పైన ఇసుక రేణువుల్లా గరుకుగా ఉంటుంది, బరువెక్కువ, కింద పడితే పగులుతుంది. రేకు పెనానికి ఉప్పు కాగితం చక్కగా పని చేస్తుంది. 120 నెంబరుతో మొదలుపెట్టి 220తో ముగించండి. గుండ్రంగా, అన్ని వైపులా ఒకేలా రుద్దండి. ఒకే చోట పట్టుకుంటే అక్కడ పల్లం పడి, దోసె పిండి అక్కడే చేరుతుంది. నీళ్ళలో తడిపినా పాడవని నల్లటి రకం కాగితం దొరికితే తడిపి రుద్దండి, దుమ్ము లేవదు. అద్దంలా మెరిసేదాకా రుద్దాల్సిన పని లేదు, మరీ నున్నటి ఇనుము మీద కొత్త పొర సరిగ్గా పట్టదు.

పోత ఇనుముకి ఉప్పు కాగితం అంతగా నప్పదు. గరుకు ఎత్తుల్ని అరగదీస్తుంది, తుప్పు మాత్రం లోయల్లో అలాగే ఉంటుంది. తీగల బ్రష్షుతో రుద్ది నిమ్మ ఉప్పు నీళ్ళలో వేయడం మేలు. గుంత పొంగనాల పెనమైతే ఇక వేరే దారి లేదు. గుంతల్లోకి కాగితం దూరదు, పులుపే వెళ్ళాలి.

వెల్డింగ్ షాపుకి తీసుకెళ్తే గ్రైండరుకి తీగల బ్రష్షు బిగించి అయిదు నిమిషాల్లో తెల్లగా చేసిస్తారు. ఎన్నో ఏళ్ళు పెరట్లో పడి ఉన్న మూకుడుకి అదే తగిన పని. కానీ అరగదీసే రాయి పెట్టనివ్వకండి, తీగల బ్రష్షే అడగండి. రాయి గీసిన చారలు ఎన్ని దోసెలు పోసినా పూడవు.

కరెంటు పెట్టి తుప్పు తీసే పద్ధతి కూడా ఉంది. చాకలి సోడా కలిపిన నీళ్ళలో పెనాన్ని 12 వోల్టుల బ్యాటరీ చార్జరు మైనస్ వైపుకి, ఒక పాత ఇనుప ముక్కని ప్లస్ వైపుకి కలుపుతారు. ఇనుముని తినకుండా తుప్పుని మాత్రమే తీయడంలో దీనికి సాటి లేదు. హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి ఆరుబయటే చేయాలి. ప్లస్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు పెడితే విషపూరితమైన క్రోమియం నీళ్ళలోకి దిగుతుంది. పాత సామాన్లు బాగు చేయడమే పనిగా పెట్టుకున్న వాళ్ళకి ఇది సరే, ఇంట్లో ఒక్క పెనం కోసం దీని జోలికి వద్దు.

బాత్రూం యాసిడ్ అస్సలు వద్దు. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం, దాని క్లోరైడు ఇనుములో మిగిలిపోయి తుప్పుని మళ్ళీ మళ్ళీ తెస్తుంది, పొగ ఊపిరితిత్తులకి చేటు. కాస్టిక్ సోడా పాత జిడ్డుని, మాడుని తీస్తుంది కానీ తుప్పుని కదిలించలేదు. పెనాన్ని కట్టెల మంటలో పడేసి కాల్చేవాళ్ళున్నారు. రేకు పెనం వంగిపోతుంది, పోత పెనం పగిలినా పగులుతుంది.

పగులు కనబడినా, వెలుతురుకి పట్టుకుంటే చిల్లు కనబడినా ఆ పెనాన్ని వదిలేయండి. కొత్త ఇనుప దోసె పెనం కొన్ని వందల రూపాయలకే వస్తుంది. పాత ఇనుప సామాన్ల కొట్లో కొన్నది, అంతకుముందు దేనికి వాడారో తెలియనిది అయితే తుప్పు వదిలినా వంటకి వాడకండి. సీసం కరిగించడానికి వాడి ఉంటే ఏ పులుపూ దాన్ని శుభ్రం చేయలేదు.

తుప్పు కడుపులోకి పోతే ధనుర్వాతం వస్తుందేమోనని చాలామంది అడుగుతారు. రాదు. ధనుర్వాతం తెచ్చేది మట్టిలో ఉండే బాక్టీరియా, అదీ గాయంలోంచి వెళ్తేనే. దోసెకి అంటిన కాస్త తుప్పుతో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి ప్రమాదమేమీ లేదు. తలసీమియా లాంటి జబ్బుల వల్ల ఒంట్లో ఐరన్ ఎక్కువయ్యే వాళ్ళు మాత్రం ఇనుప పాత్రల్లో వంట గురించే డాక్టరుని అడగాలి.

మళ్ళీ పదును: ఏ నూనె?

తుప్పు ఎంత బాగా వదిలినా ఈ పని చేయకపోతే వారంలో మళ్ళీ వస్తుంది. నూనెల్లో వేరుశనగ, పొద్దుతిరుగుడు రెండూ బాగుంటాయి. ఇంట్లో ఉన్నది ఏదైతే అది. పొద్దుతిరుగుడు పొర త్వరగా గట్టిపడుతుంది, వేరుశనగ నూనె వేడిని కాస్త ఎక్కువ తట్టుకుంటుంది. నువ్వుల నూనె కూడా పనికొస్తుంది. కొబ్బరి నూనె, నెయ్యి వద్దు. వాటిలో సంతృప్త కొవ్వులు ఎక్కువ, జిడ్డుగా మిగులుతాయి తప్ప గట్టిపడవు. అవిసె నూనె పొర అన్నిటికంటే నున్నగా, అందంగా వస్తుంది, కానీ దోసె గరిటె తగిలితే పెచ్చులుగా లేస్తుంది. గోడకి వేలాడదీయడానికైతే సరే.

పెనం వేడెక్కాక అర చెంచా నూనె వేసి, గుడ్డతో అంతటా రాయండి, వెనక వైపు కూడా. తర్వాత పొడి గుడ్డ తీసుకుని, ఆ నూనె పొరపాటున పడిందనుకుని మొత్తం తుడిచేయండి. పైకి ఏమీ లేనట్టు కనబడాలి. చాలామంది ఇక్కడ నూనె మిగులుస్తారు, అది చక్కెర పాకంలా జిగురు కడుతుంది. ఇప్పుడు మధ్యస్థం మంట మీద పొగ వచ్చి ఆగేదాకా ఉంచండి. గ్యాసు పొయ్యి మధ్యలోనే కాలుతుంది కాబట్టి పెనాన్ని అటూ ఇటూ జరుపుతూ ఉండాలి. చల్లారాక మళ్ళీ. నాలుగైదు సార్లకి బూడిద రంగు మొదట తేనె రంగులోకి, తర్వాత గోధుమ రంగులోకి తిరుగుతుంది. నలుపు రావడానికి వంటే కావాలి. ఓవెన్ ఉన్నవాళ్ళు చెక్క పిడి ఊడదీసి, పెనాన్ని బోర్లించి, 230 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటసేపు ఉంచితే అంచుల దాకా ఒకేలా వస్తుంది. ఇండక్షన్ పొయ్యి మీద రేకు పెనాన్ని ఒక్కసారిగా ఎక్కువ వేడికి పెట్టకండి, మధ్యలో ఉబ్బుతుంది.

మొదటి పది పదిహేను రోజులు ఉల్లిపాయ సగం ముక్క నూనెలో ముంచి రుద్దుతూ దోసెలు పోయండి. మూకుడైతే పకోడీలు, వేపుళ్ళు. టమాటా, పులుసు, నిమ్మకాయ పులిహోర పోపు అప్పుడే వద్దు.

మా పెనం మధ్యలో ఆ గుంటలున్న చోట రెండు నెలల పాటు దోసె పట్టుకుంది. అట్లకాడతో లేపబోతే చిరిగేది. గుంటల్లో నూనె పొర నిండుతూ నిండుతూ ఇప్పుడు అంచులు లేచాక దానంతట అదే వదులుతోంది. ఊరెళ్ళేముందు దాన్ని పొయ్యి మీద వేడి చేసి, నూనె రాసి తుడిచి, పాత న్యూస్ పేపరులో చుట్టి, సింకు కింద కాకుండా పై అటక మీద పెడుతున్నాం.